ఐదో కుర్చీ

దిల్‌సుఖ్‌నగర్,
28 మార్చి 2009.

కర్మన్‌ఘాట్ ఈరమ్మ టెంట్ హౌస్ యజమాని మట్టయ్య గారికి,

సుప్రభ కేబుల్ ఛానెల్ కార్యక్రమాల ఇన్‌చార్జి వెంకట్రావు నమస్కారాలు. మీ వ్యాపారం బాగా సాగుతోందని తలుస్తాను. ఎన్నికలప్పుడు బాగా సాగేవి మీ వ్యాపారం, మా వ్యాపారమే కదండీ.

వచ్చే నెల పదకొండు, శనివారం సాయంత్రం ఎల్బీ నగర్ నియోజకవర్గం మీద మా స్టూడియోలో ఒక చర్చ పెడుతున్నాం. నాలుగు పార్టీల వాళ్ళు వస్తున్నారు. చైతన్యపురి నుంచి పెద్ద అంబర్‌పేట్ దాకా మా కేబుల్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ప్రత్యక్షంగా వస్తుంది. మా స్టూడియో కుర్చీలు కెమెరాకు చూపించదగ్గవి కావు. కిందటిసారి ఒక పెద్దమనిషి కుర్చీతో సహా వెనక్కి పడ్డారు. ఆ ముక్క మళ్ళీ వేయమని జనం వారం రోజులు ఫోన్లు చేశారు. కనుక మీరు పెళ్ళిళ్ళకు ఇచ్చే ఎర్ర మఖ్మల్ కుర్చీలు నాలుగు, ప్రేక్షకులకు కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మైక్ సెట్ పంపాలి.

ఫోన్లో చెప్పే సంగతికి ఉత్తరం ఎందుకని మీకు అనిపించవచ్చు. ఎన్నికలయ్యే దాకా పార్టీల వాళ్ళతోనూ, పార్టీలకు సామాను ఇచ్చేవాళ్ళతోనూ ప్రతి మాటా కాగితం మీదే జరగాలని మా యజమాని గారి ఆజ్ఞ. కాగితం మీద ఉంటే పక్షపాతం ఉండదని ఆయన నమ్మకం.

ఇట్లు,
వెంకట్రావు

తా.క.: నాలుగు కుర్చీలూ ఒకే ఎత్తు ఉండాలి. ఒకటి అంగుళం ఎత్తయినా మిగతా ముగ్గురూ లేచిపోతారు. మా దగ్గర న్యాయమంటే ప్రస్తుతానికి అదే.


కర్మన్‌ఘాట్,
30 మార్చి.

గౌరవనీయులు వెంకట్రావు గారికి,

కర్మన్‌ఘాట్ హనుమంతుడి దయ వల్ల, మా అమ్మ ఈరమ్మ తిట్ల వల్ల ఇంకా బతికి ఉన్న మట్టయ్య దండం పెట్టి రాస్తున్నది.

మీ ఉత్తరం అందింది. కుర్చీల గురించి మీకు రంది వద్దు. ఈ చుట్టుపక్కల నాలుగు పార్టీల సభలకూ కుర్చీలు నావే. ఏ సభలో ఎన్ని ఖాళీగా మిగిలాయో నాకు తెలుసు గానీ, బయటికి చెప్పను. దవాఖానలో డాక్టరు ఒకరి రోగం ఇంకొకరికి చెప్తాడా?

పదో తారీకు గుడ్ ఫ్రైడే. మా ట్రాలీ నడిపే యెహెజ్కేలు ఆ రోజు స్టీరింగు ముట్టడు. అందుకని గురువారమే సామాను మీ స్టూడియోలో దింపిస్తాను. ఈ ఉత్తరం కూడా ఆయనతోనే పంపుతున్నా. జవాబు ఆయన చేతికే ఇవ్వండి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కర్మన్‌ఘాట్‌కు పోస్టు రావడానికి పట్టే కాలంలో ఒక ప్రభుత్వం పడిపోయి ఇంకోటి లేస్తుంది.

ఒక్క మనవి. నాలుగు కాదు, ఐదు మఖ్మల్ కుర్చీలు పంపుతున్నాను. ఐదోది నాకు. ఎందుకో మీకు విడమరిచి చెప్పనక్కర లేదు. నేనెవరో మీకు తెలియనిది కాదు, సరూర్‌నగర్ గోడల మీద నా మొహం ఉంది.

ఇట్లు,
మీ మేలు కోరే
మట్టయ్య

తా.క.: ఐదూ ఒకే ఎత్తు. నేనే కొలిచాను.


దిల్‌సుఖ్‌నగర్,
31 మార్చి.

మట్టయ్య గారికి నమస్కారాలు.

మీ మనవి మా యజమాని గారికి చదివి వినిపించాను. మీ ఆందోళన ఆయనకు అర్థమైంది. మఖ్మల్ కుర్చీలు ఖరీదైనవి, రాజకీయ నాయకులు కూర్చుంటే వాటికి ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. పక్కన ఒక మనిషి కనిపెట్టుకుని ఉండటం న్యాయమే. అయితే దానికి మఖ్మల్ కుర్చీ అక్కరలేదు. తెర వెనకాల మీకు ఒక స్టూలు వేయిస్తాం. టీ కూడా వస్తుంది.

మీ మొహం గోడల మీద చూశాను. టెంట్ హౌస్ ప్రకటనకు అంత పెద్ద ఫొటో వేయించిన మొదటివాళ్ళు మీరే అనుకుంటాను. బాగుంది.

ఇట్లు,
వెంకట్రావు

తా.క.: దయచేసి కెమెరాలో పడకుండా చూసుకోండి. మా అమ్మాయి పెళ్ళి వీడియోలో తాళి కట్టే ఘట్టమంతా టెంట్ హౌస్ వాళ్ళ ఫ్యానే కనిపిస్తుంది.


కర్మన్‌ఘాట్,
3 ఏప్రిల్.

వెంకట్రావు గారికి,

స్టూలు స్థాయికి దిగిన మట్టయ్య రాయునది.

అయ్యా, ఆ ఫొటో టెంట్ హౌస్‌ది కాదు. నేను తెలంగాణ ప్రజా స్వాభిమాన పార్టీ తరఫున ఎల్బీ నగర్ అభ్యర్థిని. నిన్ననే గుర్తు కూడా ఇచ్చారు. ఇస్త్రీ పెట్టె. నేను అడిగింది కుర్చీలకు కాపలా కాయడానికి కాదు, చర్చలో కూర్చుని మాట్లాడటానికి.

మీకు నా సంగతి తెలియదు కాబట్టి చెప్తున్నా. ముప్పై ఏళ్ళుగా ఈ పక్కన ఏ సభ జరిగినా మొదటి మాట నాది. "హలో, హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ." ఆ తర్వాత మైకు ఎవరి చేతిలోనో పెట్టి స్టేజీ దిగుతాను. నా ఉపన్యాసం అంతటితో సరి. మా అమ్మ మా ఇంటి అరుగు మీద కూర్చుని నా గొంతు వినగానే వినడం మానేస్తుంది. ఇక వచ్చేవాళ్ళు మనవాళ్ళు కాదని ఆమెకు తెలుసు.

నేను చెప్పదలచింది పెద్ద ఉపన్యాసమేమీ కాదు. మాది నల్గొండ జిల్లాలో ఒక ఊరు. మా బావిలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి మా అమ్మ వెన్ను వంగింది, మోకాళ్ళు బిగుసుకుపోయాయి. ఆమె ఆకాశం చూడాలంటే మంచం మీద వెల్లకిలా పడుకోవాలి. మా జిల్లా అంచున కృష్ణ పోతుంది. పోతుంది, అంతే. ఈ మాట ప్రతి నాయకుడూ నా మైకులోనే చెప్పాడు, చప్పట్లు కొట్టించుకున్నాడు, కారెక్కాడు. నా తల్లి మాట ఒక్కసారి నేను చెప్పాలి. అంతకంటే నాకు ఏమీ వద్దు. గెలుస్తానని నాకు భ్రమ లేదు.

అరవై తొమ్మిదిలో నిక్కరు వేసుకునే రోజుల్లో మొదటి జెండా పట్టాను. ఆ పార్టీ గెలిచింది, గెలిచి పోయి పెద్ద పార్టీలో కలిసింది. తర్వాత ఇంకో జెండా. అదీ కలిసింది. మా అమ్మ అంటుంది: "నువ్వు యే జెండ వట్టినా అది ఇంకో జెండల కలుస్తది కొడుకా. నువ్వు జర వట్టకుంటనన్న ఉంటే తెలంగాణ ఒస్తదేమో." ఈసారి మాత్రం మా రాష్ట్ర అధ్యక్షులు రామస్వామి గారు పేరులోనే స్వాభిమానం పెట్టారు. అది ఎందులోనూ కలవదు.

ఇట్లు,
అభ్యర్థి మట్టయ్య

తా.క.: మీ అమ్మాయి పెళ్ళి వీడియోలో ఉన్న ఫ్యాను మాది కాదు. మా ఫ్యాన్లకు పసుపు రంగు రెక్కలు.


దిల్‌సుఖ్‌నగర్,
4 ఏప్రిల్.

అభ్యర్థి మట్టయ్య గారికి,

పొరపాటుకు సిగ్గుపడుతూ వెంకట్రావు రాయునది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి మా ఆవిడ కోటేశ్వరమ్మకు చదివి వినిపించాను. ఆవిడ లేచి వంటింట్లో కారుతున్న కుళాయి కట్టేసి వచ్చింది.

కానీ నియమం నియమమే. అసెంబ్లీలో ఒక్క సభ్యుడైనా ఉన్న పార్టీకే కుర్చీ అని యజమాని గారు రాసిపెట్టారు. ఆయన వాదన ఇది: రాష్ట్రంలో సగం చోట్ల పోటీయే చేయని పార్టీ ప్రభుత్వం ఎలాగూ ఏర్పాటు చేయలేదు. ఎవరు పాలించాలన్న చర్చలో దానికి చోటేమిటి? పైగా మీకు ఇస్తే ఊరుకునేవాళ్ళు లేరు. హైదరాబాద్‌ను కేంద్రపాలితం చేయమనే ఆయన ఒకరు, రాష్ట్రాన్ని ముక్కలు చేయనివ్వననే ఆయన ఒకరు, రాయలసీమ వేరే కావాలనే ఆయన ఒకరు ఇప్పటికే మెట్ల మీద కూర్చున్నారు. వీళ్ళందరినీ కూర్చోబెడితే ఒక్కొక్కరికీ గొంతు సవరించుకునే వ్యవధి కూడా మిగలదు. అందరికీ న్యాయం చేస్తే చూసేవాడికి అన్యాయం కదండీ. నా సొంత అభిప్రాయం అడగకండి. నాకు ఉద్యోగం ఉంది.

ఒక దారి ఉంది. మీ పార్టీకి ఈ ప్రాంతంలో బలం ఉందని చూపించే ఆధారం ఏదైనా మా ఆఫీసుకు చేరిస్తే యజమాని గారి ముందు పెడతాను.

ఇట్లు,
వెంకట్రావు

తా.క.: నేను తెనాలి దగ్గర నుంచి ఇక్కడికి వచ్చి పాతికేళ్ళయింది. ఇప్పటికీ మా పక్కింటివాళ్ళు వాళ్ళ చుట్టాలకు "ఆంధ్ర సార్ ఇంటి పక్కన" అని గుర్తు చెబుతారు. మీ రాష్ట్రం వస్తే నా కుర్చీ ఎక్కడ వేస్తారని అడగడానికి నన్ను ఏ చర్చకూ ఎవరూ పిలవలేదు.


కర్మన్‌ఘాట్,
5 ఏప్రిల్.

వెంకట్రావు గారికి,

అసెంబ్లీలో లేని మట్టయ్య రాయునది.

అసెంబ్లీలో ఉంటేనే టీవీలో కనిపించాలి. టీవీలో కనిపిస్తేనే అసెంబ్లీకి పోతాం. పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు. మీ యజమాని గారు ఏ పురోహితుడితో ఈ నియమం రాయించారో గానీ, మా వంటి వాళ్ళు కలకాలం బ్రహ్మచారులుగానే ఉండాలి.

ఇంకోటి. మీరు పిలిచిన నాలుగింటిలో ఒక జాతీయ పార్టీ ఉంది. పొత్తులో ఎల్బీ నగర్ సీటు వదిలేసుకుంది, దానికి ఇక్కడ అభ్యర్థే లేడు. అభ్యర్థి లేని పార్టీకి కుర్చీ ఉంది. పార్టీ ఉన్న అభ్యర్థికి స్టూలు. మాది సగం రాష్ట్రమే అంటున్నారు. మీ కేబుల్ పెద్ద అంబర్‌పేట్ దాటితే కనిపించదు. శ్రీకాకుళంలో రాని ఛానెల్‌కు రాష్ట్ర రాజకీయాలు ఎందుకని మేము అడిగామా?

మెట్ల మీద కూర్చున్న ముగ్గురినీ పైకి పిలవండి. అందరినీ మాట్లాడనివ్వండి. చూసేవాడికి అన్యాయం అంటున్నారు, చూసేవాడిని అడిగారా? కుర్చీలు చాలకపోతే నేనున్నాను కదా.

మీ కుర్చీ సంగతి రాశారు. నాకు బాధనిపించింది. మేమూ ఇక్కడికి వలస వచ్చినవాళ్ళమే. పాత పట్నం వాళ్ళు మమ్మల్ని ఇప్పటికీ ఊరోళ్ళు అంటారు. రాష్ట్రం వచ్చినా మీరెక్కడికీ పోనక్కర లేదు. నేను బతికుండగా మీ కుర్చీ ఎవరూ తీయరు. కుర్చీల విషయంలో నా మాట నమ్మవచ్చు.

బలం చూపించమన్నారు. ఎల్లుండి పొద్దున పది గంటలకు చూపిస్తాం.

ఇట్లు,
మట్టయ్య

తా.క.: మీ ఆఫీసు కింద నిలిపే స్కూటర్లు జర పక్కకు తీయించండి.


దిల్‌సుఖ్‌నగర్,
7 ఏప్రిల్, మధ్యాహ్నం.

మట్టయ్య గారికి,

చెవులు ఇంకా గింగురుమంటున్న వెంకట్రావు రాయునది.

అయ్యా, నేను ఆధారం అంటే సభ్యత్వ రసీదులో, సంతకాల కాగితమో అనుకున్నాను. మీరు ఏకంగా ధూంధాం ఆటపాటల దళాన్ని దింపుతారని కలలో కూడా అనుకోలేదు. డప్పులు మొదలుకాగానే మా యజమాని గారు ఆఫీసు మీద దాడి జరుగుతోందనుకుని బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నారు. లోపలి నుంచే పోలీసులకు ఫోన్ చేశారు. వచ్చిన కానిస్టేబుల్‌ది మీ నల్గొండే అట. లాఠీ గోడకు ఆనించి పాట అందుకున్నాడు.

అంతటితో పోయినా బాగుండేది. మా కింది అంతస్తులో ఎంసెట్ కోచింగ్ సెంటర్ ఉంది. పిల్లలందరూ పరీక్షలు నెత్తి మీద పెట్టుకుని కిందికి వచ్చి గజ్జెల వాళ్ళతో కలిసి ఆడారు. వాళ్ళను లోపలికి పిలవడానికి వచ్చిన లెక్కల మాస్టారు, ఎవరో భుజాన గొంగడి వేయగానే తానూ ఆడారు. ఆ కోచింగ్ సెంటర్ మాకు అతి పెద్ద ప్రకటనదారు. సాయంత్రం నుంచి ప్రకటనలన్నీ ఆపేస్తామని అప్పుడే నోటీసు పంపింది.

మీకు బలం ఉందని మాత్రం యజమాని గారు ఒప్పుకున్నారు. బాత్రూంలోంచి బయటికి రాగానే నియమం సవరించారు. ఐదో కుర్చీ మీకే. అయితే మిగతా పార్టీలు నొచ్చుకోకుండా ఒక షరతు పెట్టారు. మీకు కుర్చీ ఉంటుంది, మైకు ఉండదు. మీరు కనిపించవచ్చు, వినిపించకూడదు.

ఇట్లు,
వెంకట్రావు

తా.క.: మెట్ల మీది ముగ్గురూ డప్పులకు భయపడి వెళ్ళిపోయారు. కేంద్రపాలితం ఆయన చెప్పులు మా దగ్గరే ఉన్నాయి.


కర్మన్‌ఘాట్,
8 ఏప్రిల్.

వెంకట్రావు గారికి,

నోరు కట్టేసిన మట్టయ్య రాయునది.

కుర్చీ ఇచ్చినందుకు సంతోషం. షరతు చదివి మాత్రం నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. యాభై ఏళ్ళుగా మా ప్రాంతానికి ఇస్తున్నది ఇదే కదా. కనిపించవచ్చు, వినిపించకూడదు. మీ యజమాని గారు తెలియకుండానే మా చరిత్ర అంతా ఒక్క వాక్యంలో రాశారు.

మీరు ఒక సంగతి మరిచిపోయారు. మైక్ సెట్ నాది. ఐదు మైకులు పంపుతున్నాను. ఐదూ ఒకే వైరు మీద ఉంటాయి. నాది కట్ చేస్తే నలుగురివీ పోతాయి. ఇది బెదిరింపు కాదు, కరెంటు.

మా అమ్మ ఇప్పటి నుంచే పరేషాన్ అవుతున్నది. కేబుల్ సరిగ్గా వస్తుందో లేదోనని లైన్‌మన్‌ను మూడు పూటలా పిలిపిస్తున్నది. వాడకట్టు ఆడవాళ్ళందరికీ చెప్పింది. నేను గోడౌన్‌లో ఖాళీ కుర్చీల ముందు నిలబడి రోజూ అలవాటు చేసుకుంటున్నా. యెహెజ్కేలు విని "మా పాస్టరు గూడ గింతసేపు జెప్పడన్నా" అన్నాడు. తగ్గిస్తాను.

ఇట్లు,
మట్టయ్య

తా.క.: చెప్పులు యెహెజ్కేలుతో పంపండి. పాపం ఆయన నిన్న మా గోడౌన్‌కు ఉత్త కాళ్ళతో వచ్చి సభకు షామియానా మాట్లాడుకుని పోయాడు.


దిల్‌సుఖ్‌నగర్,
9 ఏప్రిల్.

మట్టయ్య గారికి నమస్కారాలు.

సామాను అందింది. ఐదు కుర్చీలూ వేయించాం. ఒకే వైరు సంగతి చెప్పగానే యజమాని గారు కాసేపు ఆ వైరు వైపే చూసి, మైకు షరతు ఎత్తేశారు. మీకు అందరితో సమానంగా సమయం ఇస్తామని కాగితం మీద సంతకం కూడా పెట్టారు. మీ పేరుతో బోర్డు రాయించాను. అక్షరాలు మా ఆవిడ దగ్గరుండి దిద్దించింది.

మా కెమెరామన్ సుమన్ శనివారం మధ్యాహ్నం నుంచి లైను సరిచూసుకుంటాడు. మీరు మూడింటికల్లా వస్తే మంచిది.

ఇట్లు,
వెంకట్రావు

తా.క.: వచ్చాక మైక్ టెస్టింగ్ మీరే చేయండి. ఈసారి మైకు ఎవరి చేతికీ ఇచ్చి దిగనక్కరలేదు.


దిల్‌సుఖ్‌నగర్, మీ స్టూడియో,
11 ఏప్రిల్, మధ్యాహ్నం.

వెంకట్రావు గారికి,

ఏ పార్టీకీ చెందని మట్టయ్య రాయునది.

మీరు భోజనానికి ఇంటికి వెళ్ళారన్నారు. మీ బల్ల మీది కాగితం తీసుకునే రాస్తున్నా, తప్పుగా అనుకోవద్దు.

నిన్న సాయంత్రం రామస్వామి గారి మనిషి గోడౌన్‌కు వచ్చాడు. శనివారం ఎల్బీ నగర్‌లో పెద్ద సభ ఉంది, ఉన్న కుర్చీలన్నీ కావాలి, స్టేజీ మీదికి మఖ్మల్‌వి తప్పకుండా కావాలి అన్నాడు. ఏం సభ అని అడిగాను. "విలీన సభ అన్నా, నీకు చెప్పలేదా?" అన్నాడు. లేదు, నాకు ఎవరూ చెప్పలేదు. మా పార్టీ చచ్చిపోయిన సంగతి నాకు కుర్చీల ఆర్డరుతో తెలిసింది.

రామస్వామి గారికి ఫోన్ చేశాను. "మట్టన్నా, వాగు పోయి నదిల కలిస్తెనే సముద్రం జేరుతది" అన్నారు. మా జిల్లా అంచు నుంచి నదే పోతున్నదన్నా, మా అమ్మకు గ్లాసెడు నీళ్ళు రాలేదన్నాను. వెనకాల చప్పట్లు వినిపిస్తున్నాయి, ఆయనకు నా మాట వినిపించలేదు.

సభకు కుర్చీలు ఇవ్వనని అనవచ్చు. కానీ ముప్పై ఏళ్ళలో ఏ పార్టీకీ కుర్చీ లేదనలేదు. ఇవాళ మొదటిసారి అంటే అది నా పార్టీకే అనాలి. చేతకాలేదు. మఖ్మల్ కుర్చీలు నా దగ్గర ఈ ఐదే ఉన్నాయి. ఐదూ తీసుకుపోతున్నా. మీ చర్చకు ప్లాస్టిక్ కుర్చీలు వదిలేశాను. అవీ ఒకే ఎత్తు.

ఓటింగ్ మిషన్ మీద నా పేరు, ఇస్త్రీ పెట్టె అట్లాగే ఉంటాయట. వెనక్కి తీసుకునే గడువు దాటిపోయింది. నా ఓటు నేను వేసుకుంటే అది ఎవరికి పోతుందో తెలిసినవాళ్ళు చెప్పాలి. నాకు ఇక దేని మీదా నమ్మకం లేదు వెంకట్రావు గారూ. రాష్ట్రం వస్తుందేమో, వస్తే సంతోషమే. నేను పట్టిన జెండాతో మాత్రం రాదు. అమ్మ చెప్పిందే నిజమైంది.

ఆమెకు ఇంకా చెప్పలేదు. పొద్దున్నే తల దువ్వించుకుని టీవీ ముందు కూర్చుంది. సభ అయిపోయి కుర్చీలు లెక్క చూసుకున్నాక ఇంటికి పోయి చెప్తాను.

సెలవు,
మట్టయ్య

తా.క.: మాట ఇచ్చాను కాబట్టి మైక్ టెస్టింగ్ చేశాను. కొంచెం ఎక్కువసేపు చేశాను. స్టూడియోలో ఎవరూ లేరు, ఎవరికీ ఇబ్బంది కాలేదు.


దిల్‌సుఖ్‌నగర్,
11 ఏప్రిల్, సాయంత్రం.

మట్టయ్య గారికి,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియని వెంకట్రావు రాయునది.

చర్చ జరగలేదు. నలుగురూ సమయానికే వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలు చూసి ముఖం చిట్లించినా, ఎత్తు సమానంగా ఉందని సర్దుకున్నారు. అంతలో పెద్ద పార్టీ ఆయన, స్వాభిమాన పార్టీ తమలో కలిసింది కనుక ఐదో కుర్చీ కూడా తమదేనన్నారు. ఒక కుర్చీలో కూర్చుని, రెండోదాని మీద కండువా వేశారు. రెండు కుర్చీల సమయం తానే మాట్లాడతానన్నారు. మిగతా ముగ్గురూ లేచారు. ముగ్గురు లేస్తే తాను కూర్చోవడం మర్యాద కాదని ఆయనా లేచారు. మేము ఆ గంటంతా ఒక తలనొప్పి తైలం ప్రకటన వేసుకున్నాం.

ఇప్పుడు అసలు సంగతి. స్టూడియోలో ఎవరూ లేరని రాశారు. నిజమే, సుమన్ పక్క గదిలో ఉన్నాడు. కానీ లైను సరిచూడటానికని మధ్యాహ్నమే కెమెరా తెరిచి ఉంచాడు. మీరు హలో హలో అన్న దగ్గర నుంచి మీరు చేసిందంతా చైతన్యపురి నుంచి పెద్ద అంబర్‌పేట్ దాకా వెళ్ళింది. నేను మా ఇంట్లో కంచం ముందు కూర్చుని చూశాను. మీరు నాలుగు ఖాళీ కుర్చీల వైపు తిరిగి ఒక్కో పార్టీనీ అడగడం, మీ అమ్మగారి మోకాళ్ళ సంగతి, కృష్ణ సంగతి, గ్లాసెడు నీళ్ళ సంగతి చెప్పడం అన్నీ విన్నాం. తర్వాత మీరు లేచి ఒక్కో కుర్చీనీ మోసుకుపోవడం, ఆఖరికి మీరు కూర్చున్నదాన్నీ ఎత్తుకుపోవడం చూశాం. నేల మీద మీ పేరున్న బోర్డు ఒక్కటే మిగిలింది. ఆ కోచింగ్ సెంటర్ పిల్లలు కూడా చూశారట. లెక్కల మాస్టారే టీవీ పెట్టించారట.

ఆ వెంటనే ఫోన్లు మొదలయ్యాయి. జనం ఫోన్లు కొన్ని. ఆ తర్వాత పార్టీల ఫోన్లు. పార్టీయే లేని మనిషిని అంతసేపు చూపించడం ఏ న్యాయమని రామస్వామి గారే అందరికంటే ముందు అడిగారు. యజమాని గారు భయపడి తెర కింద క్షమాపణ పరిగెత్తించారు. "సాంకేతిక లోపం వల్ల, ప్రస్తుతం లేని ఒక పార్టీ ప్రసంగం ప్రసారమైనందుకు చింతిస్తున్నాం." ఆ వాక్యం నా చేతనే రాయించారు. ఈ చర్చలో మాట్లాడినవాళ్ళు మీరొక్కరే. మేము క్షమాపణ చెప్పింది దానికొక్కదానికే. నా ఉద్యోగం ఉంది. నాకు సిగ్గుగా ఉంది.

నాలుగు పార్టీలూ సమాన న్యాయం కోరుతూ లిఖితపూర్వకంగా రాశాయి. మీలాగే తమకూ, ఒక్కొక్కరికీ విడివిడిగా, ఎదురుగా ఎవరూ లేకుండా, ఖాళీ కుర్చీల ముందు మాట్లాడే అవకాశం ఇవ్వాలట. యజమాని గారు ఒప్పుకున్నారు. కనుక సోమవారానికి మఖ్మల్ కుర్చీలు మళ్ళీ పంపగలరు. ఈసారి వాటిలో ఎవరూ కూర్చోరు.

ఇట్లు,
మీ
వెంకట్రావు

తా.క.: మీ పేరున్న బోర్డు ఇవ్వడానికి ఇందాక కర్మన్‌ఘాట్ వెళ్ళాను. మీరు సభ దగ్గరే ఉన్నారు. అమ్మగారు టీవీ ముందు కూర్చుని తైలం ప్రకటన చూస్తున్నారు. ఛానెల్ నుంచి వచ్చానని చెబితే నా చెయ్యి పట్టుకున్నారు. "మావోని టెస్టింగ్ మంచిగ వినొచ్చింది సారూ. ఎప్పటికంటె జర ఎక్కువనే జేసిండు" అన్నారు. తర్వాత అడిగారు: "ఇగ వాడు మాట్లాడుడు ఎప్పుడు?" నేను రేపని చెప్పి వచ్చాను.